ఎవరూ లేని ఒడ్డున మనం ఎవరం?

విహారయాత్రలు ఇప్పుడు మన ఇళ్ళలో కూడా మామూలు విషయమైపోయాయి. ఒక తరం క్రితం మా చోడవరం నుంచి ఒక ముస్లిం కుటుంబం దూరప్రయాణం చేసిందంటే అది ఏ పెళ్ళికో, పరామర్శకో, ఇజ్తిమాకో అయి ఉండేది. అల్లాహ్ అనుగ్రహిస్తే హజ్ యాత్రకు. ఇప్పుడు పిల్లలకు సెలవులు రాగానే 'ఈసారి ఎక్కడికి?' అనే మాట మొదలవుతోంది. మన విశాఖ రేవు నుంచే 2022 జూన్‌లో పుదుచ్చేరి, చెన్నైలకు విహారనౌక బయలుదేరింది. 2023 సెప్టెంబరులో అదే రేవులో క్రూజ్ నౌకల కోసం ప్రత్యేకంగా ఒక టెర్మినల్ ప్రారంభమైంది. సముద్రమంటే చేపల వేట, ఎగుమతులు, తుపాన్లు అని మాత్రమే ఎరిగిన మనకు అది విహారస్థలంగా కూడా మారింది.

ఇలా వెళ్ళవచ్చునా, కూడదా అని మమ్మల్ని అడిగేవారున్నారు. అప్పు చేయకుండా, దుబారా లేకుండా, హలాల్ హరామ్‌ల హద్దులు దాటకుండా వెళితే తప్పు లేదు. భూమిలో సంచరించి, అల్లాహ్ సృష్టిని ఎలా ఆరంభించాడో చూడమని దివ్య ఖుర్ఆనే (29:20) మానవుణ్ణి పిలుస్తోంది. కాని ఈ వ్యాసంలో మేము చర్చించదలచినది ఆ ప్రశ్న కాదు. మమ్మల్నే ఇరుకున పెట్టిన మరో ప్రశ్న ఉంది. మనల్ని ఎరిగినవారు ఒక్కరూ లేని చోట మనం ఎవరం? ఊళ్ళో అందరి మధ్య తిరిగే మనిషి నిజమా, ఎవరూ లేని ఒడ్డున కూర్చున్న మనిషి నిజమా?

సీతాపూర్ తీరంలో ఒక సాయంత్రం

2025 సంక్రాంతి సెలవుల్లో మా కుటుంబం, మా మసీదుకు క్రమం తప్పక వచ్చే ఒక బట్టల వ్యాపారి కుటుంబం కలిసి అండమాన్ వెళ్ళాం. పండుగ బేరాలు ముగిశాక గానీ ఆయనకు తీరిక దొరకలేదు. విశాఖ నుంచి దాదాపు 1200 కిలోమీటర్ల సముద్రానికి ఆవల ఉన్న ఆ దీవుల్లో తెలుగు మాట వినబడని వీధి అరుదు. మన శ్రీకాకుళం, విశాఖ ప్రాంతాల నుంచి వెళ్ళి స్థిరపడినవారు అక్కడ ఎందరో ఉన్నారు.

పోర్ట్ బ్లెయిర్‌ను 2024 సెప్టెంబరు నుంచి శ్రీ విజయపురం అంటున్నారు. అక్కడి నుంచి దీవులకు తిరిగే పెద్ద పడవలను అందరూ క్రూజ్ అనే పిలుస్తారు. మా క్రూజ్ ముందు స్వరాజ్ ద్వీప్‌కు, అక్కడి నుంచి షహీద్ ద్వీప్‌కు తీసుకువెళ్ళింది. ఇవి పూర్వపు హేవ్‌లాక్, నీల్ దీవులు. 2018 డిసెంబరులో పేర్లు మార్చారు. షహీద్ ద్వీప్‌లో మా మజిలీ ఒక్క రాత్రి మాత్రమే.

అది చిన్న దీవి. జెట్టీ పక్కనే ఉన్న భరత్‌పూర్ తీరంలో పడవలు, ఆటలు, జనం. సాయంత్రమైతే అందరూ సూర్యాస్తమయం చూడటానికి పడమటి ఒడ్డున ఉన్న లక్ష్మణ్‌పూర్‌కు వెళతారు. తూర్పు ఒడ్డున సీతాపూర్ అనే తీరం ఉంది. అక్కడికి సూర్యోదయం చూడటానికి వస్తారు గాని మధ్యాహ్నం దాటాక పెద్దగా ఎవరూ రారు. మాతో పరదానషీన్ స్త్రీలు ఉన్నారు. జనసమ్మర్దం లేని చోటు కావాలని సీతాపూర్‌నే ఎంచుకున్నాం. బసలో జుహ్ర్ నమాజు ముగించి మూడు గంటల వేళకు అక్కడికి చేరాం.

నిజంగా ఎవరూ లేరు. ముందు సముద్రం, వెనుక దట్టమైన చెట్లు. పిల్లలు నీటి అంచున ఆడుకుంటున్నారు. స్త్రీలు కాస్త దూరంగా చెట్ల కింద కూర్చున్నారు. మేము ఇసుకలో కూర్చుని అలలను చూస్తూ ఉండిపోయాం. చాలా ఏళ్ళ తరువాత ఎవరూ మమ్మల్ని పిలవని, ఎవరూ మసాయిల్ అడగని, ఎవరూ మా కోసం ఎదురుచూడని ఒక సాయంత్రం అది. నాలుగున్నరకు ఫోన్ చూసుకున్నాం. మా మసీదులో ఆ రోజుల్లో అస్ర్ జమాఅత్ నాలుగున్నరకే. చోడవరంలోనైతే అప్పటికి ముసల్లా మీద నిలబడి ఉండేవాళ్ళం. ఐదు నిమిషాలు ఆలస్యమైతే ముఅజ్జిన్ గోడ గడియారం వైపు ఒకసారి చూసి, తరువాత మా వైపు చూస్తాడు. ఇక్కడ ముఅజ్జిన్ లేడు, గడియారం లేదు. 'ఇంకా టైముందిలే' అనుకుని మళ్ళీ సముద్రం వైపు తిరిగాం.

కాసేపటికి ఆ వ్యాపారి మిత్రుడు దగ్గరికి వచ్చి, "మౌలానా సాబ్, ఇసుక మీద ఎండే లేదు. అంతా చెట్ల నీడే పరుచుకుంది" అన్నాడు. మేము ఉలిక్కిపడి లేచి, చెట్ల మధ్యగా వెళ్ళి పడమటి వైపు చూశాం. సూర్యుడు పసుపు తిరిగి బాగా కిందికి దిగిపోయి ఉన్నాడు.

ఆ తరువాత జరిగిందంతా హడావుడి. సముద్రపు నీటితోనే వుజూ చేసుకున్నాం. మిత్రుని పెద్ద కొడుకు అజాన్ పలికాడు. ఖిబ్లా అక్కడ పడమరకు కాస్త ఉత్తరంగా ఉంటుంది. అంటే ఏ అందం కోసం అంత దూరం వచ్చామో ఆ సముద్రానికి వీపు పెట్టి, దిగిపోతున్న సూర్యుడి వైపు తిరిగి నిలబడ్డాం. ప్రయాణికులం కనుక ఖస్ర్ చేసి రెండు రకాతులు చదివాం. సలామ్ చెప్పిన కొద్ది సేపటికే సూర్యాస్తమయమైంది. నమాజు నెరవేరింది గాని మనసు కుదుటపడలేదు. సూర్యుడు అస్తమించబోయే దాకా కూర్చుని, అప్పుడు లేచి పక్షి గింజలు పొడిచినట్లు నాలుగు రకాతులు ముగించేదాన్ని కపటి నమాజుగా దైవప్రవక్త (స) వర్ణించారని సహీహ్ ముస్లింలో ఉంది. ఆ హదీసును మేము ఎన్నోసార్లు బోధించాం. ఆ సాయంత్రం అది మా మీదికే తిరిగింది.

గడియారం మీద నెపం

మొదట మేము ఒక సాకు వెతుక్కున్నాం. అది అబద్ధమేమీ కాదు. మన దేశపు ప్రామాణిక సమయం 82½ డిగ్రీల తూర్పు రేఖాంశాన్ని బట్టి నిర్ణయించబడింది. ఆ రేఖ మన కాకినాడ దగ్గరగా పోతుంది. మా చోడవరం దానికి అతి సమీపంలో ఉంది. కనుక మన గడియారమూ, మన సూర్యుడూ ఇంచుమించు కలిసే నడుస్తాయి. అండమాన్ 92, 93 డిగ్రీల మధ్య ఉంది. ఒక్కో డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున అక్కడ సూర్యుడు మనకన్నా దాదాపు 40 నిమిషాల ముందే నడినెత్తికి వస్తాడు. జనవరిలో మా ఊళ్ళో 5:40 దాటాక అస్తమించే సూర్యుడు అక్కడ 5:15 ప్రాంతంలోనే అస్తమిస్తాడు. గడియారం దేశమంతటికీ ఒకటే. సూర్యుడు మాత్రం ఏ ఊరికి ఆ ఊరివాడే. నమాజు వేళలు సూర్యుణ్ణి బట్టి గాని చేతి గడియారాన్ని బట్టి కాదు.

పైగా మేమున్నది తూర్పు ఒడ్డు. సూర్యుడు మా వెనుక చెట్ల చాటున దిగిపోయాడు. ఇన్ని కారణాలున్నాయి కదా అని మనసుకు సర్ది చెప్పుకోబోయాం. కాని ఒక మాట ఆ సాకును నిలవనీయలేదు. నమాజు తరువాత మిత్రుణ్ణి, "భాయ్, ముందే ఎందుకు గుర్తు చేయలేదు?" అని అడిగాం. ఆయన మొహమాటపడుతూ, "మీరే కూర్చుని ఉన్నారు కదా మౌలానా సాబ్, ప్రయాణంలో ఏదో వెసులుబాటు ఉందేమో అనుకున్నాం" అన్నాడు.

ఎవరూ మమ్మల్ని చూడటం లేదని మేము అనుకున్నాం. ఇద్దరు మగపిల్లలు, ఇద్దరు స్త్రీలు, ఒక స్నేహితుడు ఆ సాయంత్రమంతా మమ్మల్నే చూస్తూ ఉన్నారు. మా బద్ధకాన్ని వారు ఫత్వాగా తీసుకున్నారు. నేర్చుకోని పిల్లవాడికి వేళలు తెలియకపోవడం వేరు, రేఖాంశాల లెక్క తెలిసిన మేము ఆ లెక్క వేయకపోవడం వేరు. లెక్క వేయకపోవడానికి కారణం అజ్ఞానం కాదు. అడిగేవారు లేకపోవడమే.

పగడపు ముక్క

ఆ రాత్రి బసలో మరో సంగతి జరిగింది. మిత్రుని చిన్న కొడుకు జేబులో అరచేతిలో పట్టేంత తెల్లని పగడపు ముక్క బయటపడింది. ఒడ్డున దొరికిందన్నాడు. తండ్రి దాన్ని మా దగ్గరకు తెచ్చి, "ఇది చచ్చిన పగడమే కదా, ఉంచుకోవచ్చునా?" అని అడిగాడు. మేము వెంటనే, "వద్దు, విమానాశ్రయంలో సామాను తనిఖీ చేస్తారు, పట్టుకుంటారు" అన్నాం.

చెప్పిన సమాచారం నిజమే. పగడాలకు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ ఉంది. 2001లో వాటిని ఆ చట్టపు మొదటి షెడ్యూలులో చేర్చారు. దీవుల నుంచి వాటిని తీసుకువెళ్ళనివ్వరు. కాని ఆయన వెళ్ళిపోయాక మా సమాధానం మాకే రుచించలేదు. ఒక ఆలిమ్ చెప్పవలసిన జవాబా అది? పట్టుకుంటారు కనుక వద్దు అన్నాం. అంటే పట్టుకోకపోతే ఫర్వాలేదనే అర్థం ఆ పిల్లవాడి చెవిలో పడి ఉంటుంది. ఆ దీవి వేలాది మంది చూడటానికి వచ్చే ఉమ్మడి ఆస్తి. వచ్చిన ప్రతి ఒక్కరూ ఒక్కో ముక్క పట్టుకుపోతే మిగిలేది ఏమిటి? పైగా దేశంలో నివసిస్తూ దాని న్యాయమైన చట్టాన్ని చాటుగా మీరడం మాట తప్పడమే. ఇవి చెప్పవలసింది. మేము మాత్రం తనిఖీ అధికారిని చూపించి భయపెట్టాం.

తెల్లవారి ఫజ్ర్ తరువాత ఆ కుర్రవాణ్ణి పిలిచి మా తప్పు ఒప్పుకున్నాం. ఒక గొర్రెల కాపరి కథ చెప్పాం. హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ ఉమర్ (రజి) ప్రయాణంలో ఒక కాపరిని కలుసుకుని, ఒక గొర్రెను అమ్మమని పరీక్షించారు. ఇవి నావి కావు, యజమానివి అన్నాడు కాపరి. తోడేలు తినేసిందని చెప్పు, యజమాని ఇక్కడ లేడు కదా అన్నారాయన. మరి అల్లాహ్ ఎక్కడున్నాడు అని కాపరి ఎదురు ప్రశ్న వేశాడు. ఆ జవాబుకు ఇబ్ను ఉమర్ (రజి) కంటతడి పెట్టి, బానిసగా ఉన్న ఆ కాపరిని కొని విముక్తుణ్ణి చేశారు. ఆ ఎడారిలో తనిఖీ లేదు, చట్టం లేదు, చూసేవారు లేరు. ఉన్నది ఒక్క ప్రశ్న. కుర్రవాడు ఏమీ మాట్లాడలేదు. తండ్రీ కొడుకులు సీతాపూర్ వెళ్ళి ముక్కను నీటి అంచున వదిలి వచ్చారు.

ఏకాంతమనే పరీక్ష

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. ఇస్లాం దృష్టిలో ఎవరూ లేని చోటు అంటూ ఏదీ లేదు. ముగ్గురు రహస్యం చెప్పుకుంటే నాలుగోవాడుగా, ఐదుగురు చెప్పుకుంటే ఆరోవాడుగా అల్లాహ్ ఉంటాడని, వారు ఎక్కడున్నా వారితోనే ఉంటాడని దివ్య ఖుర్ఆన్ (58:7) బోధిస్తోంది. ఇహ్సాన్ అంటే ఏమిటని జిబ్రీల్ (అ) అడిగినప్పుడు, అల్లాహ్‌ను చూస్తున్నట్లుగా ఆరాధించడమని, నీవు ఆయన్ని చూడకపోయినా ఆయన నిన్ను చూస్తున్నాడన్న ఎరుకతో ఉండటమని దైవప్రవక్త (స) వివరించారు. ఆ హదీసులో ఈమాన్, ఇస్లాంల తరువాత మూడో మెట్టుగా ఇహ్సాన్ ప్రస్తావన వస్తుంది. మొదటి రెండింటి గురించి నలుగురి ముందు కొంతవరకు తెలిసిపోతుంది. మూడోది ఏకాంతంలోనే తేలుతుంది.

హజ్రత్ సౌబాన్ (రజి) ఉల్లేఖించిన ఒక హదీసు ఇబ్ను మాజాలో ఉంది. అది వెన్నులో వణుకు పుట్టిస్తుంది. ప్రళయదినాన కొందరు తిహామా కొండలంతటి తెల్లని పుణ్యాలతో వస్తారు. అల్లాహ్ వాటిని ధూళిగా చేసి ఎగరగొడతాడు. వారు మన సోదరులే, మనలాగే రాత్రివేళ ఆరాధనలు చేసేవారే. అయితే అల్లాహ్ నిషేధించిన వాటితో ఏకాంతంలో ఉన్నప్పుడు ఆ నిషేధాలను కాలరాసేవారు. గమనించండి, ఇక్కడ ప్రస్తావన బహిరంగ పాపుల గురించి కాదు. మొదటి సఫ్‌లో నిలబడేవారి గురించి.

సముద్రపు ఒడ్డున జరిగిన మరో పరీక్షను దివ్య ఖుర్ఆన్ (7:163) గుర్తుచేస్తోంది. తీరాన ఉన్న ఒక పట్టణవాసులకు శనివారం చేపల వేట నిషిద్ధం. సరిగ్గా ఆ రోజే చేపలు నీటి పైకి కనబడుతూ వచ్చేవి. మిగిలిన రోజుల్లో రావు. వారు పైకి ఆజ్ఞను పాటించినట్లే కనబడుతూ ఉపాయాలు పన్నారని వ్యాఖ్యాతలు వివరించారు. తప్పు చేయడానికి వీలున్న చోటే విధేయతకు విలువ. చేపలు రాని రోజున వల వేయకపోవడం గొప్ప కాదు.

అండమాన్‌లోనే దీనికి ఒక ఉదాహరణ చూశాం. వండూర్ నుంచి జాలీ బాయ్ దీవికి పడవ ఎక్కేముందు సంచులు విప్పి చూస్తారు. అది మహాత్మాగాంధీ సముద్ర జాతీయవనంలో భాగం. ప్లాస్టిక్ తీసుకువెళ్ళనివ్వరు. అందువల్ల అక్కడ బుద్ధిగా లేనివారంటూ ఉండరు. సీతాపూర్‌లో సంచి విప్పేవారు లేరు. అక్కడ చెట్ల కింద బిస్కెట్ కాగితాలు, నీళ్ళ సీసాలు కనిపించాయి. మనుషులు వాళ్ళే. తేడా కాపలాలో ఉంది.

అయితే జనం చూపు చెడ్డదా?

ఇక్కడ ఒక సందేహం కలగవచ్చు. ఊళ్ళో మంచిగా ఉండటం జనం కోసమే అయితే అది నటనే కదా, అలాంటి నమాజు వల్ల ప్రయోజనమేమిటి? ఈ మాట యువకుల నోట తరచు వింటున్నాం. కొందరైతే మసీదుకు రాకపోవడానికే దీన్ని కారణంగా చూపుతారు. ఇది షైతాన్ వేసే మరో వల. జనం కోసం ఒక సత్కార్యం చేయడం ఎంత ప్రమాదమో, జనం ఏమనుకుంటారోనని సత్కార్యం మానేయడం కూడా అంతే ప్రమాదమని హజ్రత్ ఫుజైల్ బిన్ ఇయాజ్ (రహ్మలై) హెచ్చరించారు.

మా ప్రాంతపు రైతుకు తెలిసిన ఉపమానం చెబుతాం. చెరకు ఎత్తుగా ఎదిగాక గాలివానకు పడిపోకుండా నాలుగు గడలను కలిపి ఆకులతో జడచుట్టు వేస్తారు. ఒక గడకు మరో గడ ఆసరా. జమాఅత్ అలాంటిదే. మంద నుంచి విడిపోయిన గొర్రెనే తోడేలు తింటుందని దైవప్రవక్త (స) జమాఅత్ గురించి చెబుతూ హెచ్చరించారు. పక్కవాడి చూపు, ముఅజ్జిన్ పిలుపు, ఇంట్లో పెద్దల అదిలింపు అల్లాహ్ మనకిచ్చిన ఆసరాలు. వాటికి సిగ్గుపడనవసరం లేదు. అయితే వేరు లేని గడను ఏ జడచుట్టూ బతికించలేదు. పచ్చగా కనబడుతూనే లోపల ఎండిపోతుంది. చుట్టు విప్పిన రోజున సంగతి బయటపడుతుంది.

కాబట్టి ఊళ్ళో మనిషి అబద్ధమూ కాదు, ఒడ్డున మనిషి మాత్రమే నిజమూ కాదు. ఊరు మనకు ఎంత ఆసరా ఇస్తోందో ఒడ్డు చెబుతుంది. మన వేరు ఎంత లోతుందో కూడా అదే చెబుతుంది. మా వేరు మేము అనుకున్నంత లోతు లేదని సీతాపూర్ మాకు తెలిపింది. ఇది తెలియడం కూడా అల్లాహ్ కారుణ్యమే. పరలోకంలో తెలిసేకన్నా ఇక్కడ తెలియడం మేలు.

జనం లేని చోటును కోరుకోవడం తప్పా? తప్పు కాదు. దైవవాణి అవతరించడానికి ముందు మహాప్రవక్త (స) హిరా గుహలో ఏకాంతంగా గడిపేవారు. ఇమామ్ గజాలీ (రహ్మలై) 1095లో బగ్దాదు పీఠాన్ని వదిలి ఏళ్ళ తరబడి ఏకాంతంలో ఉన్నారు. తన 'ఇహ్యా'లో ఏకాంతవాస మర్యాదలకు ప్రత్యేకంగా ఒక భాగాన్నే కేటాయించి, దాని లాభాలనూ నష్టాలనూ తూచారు. అల్లాహ్ నీడ పొందే ఏడు వర్గాలలో ఒంటరిగా ఆయన్ని స్మరించి కన్నీరు కార్చినవాడు కూడా ఉన్నాడు. కాని హిరా నుంచి మహాప్రవక్త (స) జనం మధ్యకు తిరిగి వచ్చారు. జనంతో కలిసి ఉంటూ వారి వల్ల కలిగే కష్టాన్ని సహించే విశ్వాసి, అలా కలవని వానికన్నా ఉత్తముడని హదీసు. ఏకాంతానికి వెళ్ళేది జనాన్ని తప్పించుకోవడానికి కాదు. అల్లాహ్ ముందు నిలబడి, మళ్ళీ జనంలోకి మెరుగైన మనిషిగా రావడానికి.

కోరి తెచ్చుకోని ఏకాంతం

తిరుగు ప్రయాణంలో శ్రీ విజయపురంలో 1906లో పూర్తయిన సెల్యులార్ జైలును చూశాం. దానికన్నా చాలా ముందే, 1857 తిరుగుబాటు తరువాత, ఎందరో ఉలమాలను ఆ దీవులకు తరలించారు. 1857 జూలై 17న తుర్రెబాజ్ ఖాన్‌తో కలిసి హైదరాబాదు రెసిడెన్సీపై దాడికి నాయకత్వం వహించిన మౌల్వీ అలావుద్దీన్ అక్కడే కన్నుమూశారు. గొప్ప తార్కిక పండితుడు మౌలానా ఫజ్లె హఖ్ ఖైరాబాదీ 1861లో అక్కడే మరణించారు. ఆ నిర్బంధంలోనే ఆయన ఆనాటి తిరుగుబాటు గురించి అరబ్బీలో గ్రంథం రాశారు. ఆ గ్రంథాన్ని ఎవరైనా చదువుతారన్న భరోసా అప్పుడు ఏముంది? చుట్టూ శిష్యులు లేరు, మద్రసా లేదు, గౌరవించేవారు లేరు. అయినా కలం ఆగలేదు.

మేము టికెట్ కొనుక్కుని ఒక్క సాయంత్రపు ఏకాంతానికి వెళ్ళి అస్ర్‌ను ఆలస్యం చేశాం. వారు సంకెళ్ళతో వెళ్ళి ఏళ్ళ ఏకాంతంలో తమ ఇల్మ్‌ను నిలుపుకున్నారు. ఆ పోలిక మమ్మల్ని ఇప్పటికీ సిగ్గుపడేలా చేస్తోంది.

ఆ ఒడ్డు మన ఇంట్లోనే ఉంది

ఇదంతా అండమాన్ వెళ్ళేవారి సంగతి కదా అని పాఠకులు అనుకోవద్దు. ఆదివారం పూట మనం వెళ్ళే రేవుపోలవరం, పూడిమడక తీరాలలో కూడా ఇదే పరీక్ష ఉంది. అంతెందుకు, అర్ధరాత్రి తలుపు వేసుకుని చేతిలో ఫోన్ పట్టుకున్న ప్రతివాడూ ఒక నిర్జన ద్వీపంలో ఉన్నట్లే. అక్కడ ముఅజ్జిన్ లేడు, అబ్బా లేడు, అమ్మీ లేదు. ఏం చూశాడో మరొకరికి తెలియదు. దుకాణంలో లెక్కల పుస్తకం తెరిచి ఒంటరిగా కూర్చున్న వ్యాపారికి కూడా అది ఒక ఒడ్డే.

ప్రయాణాలకు వెళ్ళే సోదర సోదరీమణులకు మా అనుభవం నుంచి కొన్ని మాటలు. బయలుదేరేముందే వెళ్ళే ఊరి నమాజు వేళలు రాసుకోండి. మన ఊరి వేళలను నమ్ముకోవద్దు. ప్రయాణంలో ఖస్ర్ అల్లాహ్ ఇచ్చిన కానుక, దాన్ని స్వీకరించండి. అయితే సౌకర్యాన్ని ఉపయోగించుకోవడం వేరు, ఫర్జ్‌ను తేలిగ్గా తీసుకోవడం వేరు. మంచినీళ్ళు తక్కువని వుజూకు వెనుకాడవద్దు. సముద్రయానం చేసే ఒక వ్యక్తి ఇదే అడిగినప్పుడు, సముద్రపు నీరు పరిశుద్ధం చేసేదేనని దైవప్రవక్త (స) బదులిచ్చారు. నిర్జన తీరమైనా అది మన ఇంటి పెరడు కాదు. ఏ క్షణాన ఏ పడవ వస్తుందో తెలియదు కనుక స్త్రీలూ పురుషులూ హయాను విడవకూడదు. జనం సేదతీరే నీడలో, దారిలో మలినం చేయడాన్ని మన ధర్మం శాపానికి గురిచేసే పనుల్లో లెక్కించింది. తెచ్చిన ప్రతి కాగితాన్నీ తిరిగి తీసుకురండి. అక్కడిది ఏదీ తేవద్దు.

మరొక్క మాట. నిర్జన ప్రదేశంలో ఉన్నప్పుడు గొంతెత్తి అజాన్ పలకమని, ఆ స్వరం సోకిన ప్రతి జిన్నూ, ప్రతి మనిషీ, ప్రతి వస్తువూ ప్రళయదినాన సాక్ష్యమిస్తాయని సహీహ్ బుఖారీలో ఉంది. భూమి తన సమాచారాన్నంతా చెప్పే దినం ఒకటుందని సూరె జిల్జాల్ తెలుపుతోంది. సీతాపూర్ ఇసుక ఆ రోజున మా గురించి రెండు సంగతులు చెబుతుంది. ఒక పిల్లవాడి అజాన్ గురించి చెబుతుంది. అంతకుముందు గంటన్నర సేపు మేము కూర్చుండిపోయిన సంగతి కూడా చెబుతుంది. రెండోదానికి మేము తౌబా చేసుకున్నాం. ఆ తీరం నుంచి మేము వెంట తెచ్చుకున్నది ఆ తౌబా మాత్రమే.

చోడవరం తిరిగి వచ్చాక మొదటి అస్ర్ వేళ ముఅజ్జిన్ అలవాటుగా గడియారం చూసి మా వైపు చూశాడు. ఆ చూపు అంతకుముందు కాస్త చిరాకు కలిగించేది. ఆ రోజు మాత్రం కృతజ్ఞత కలిగింది.

నలుగురిలో ఉన్నప్పుడూ, ఒంటరిగా ఉన్నప్పుడూ తన భీతినే మన హృదయాలలో నిలిపి, మన అంతరంగాన్ని మన బాహ్యంకన్నా మెరుగ్గా చేసే భాగ్యాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.